వెలిగించే మనిషి

ఆ ఆదివారం సాయంత్రం పాత గ్రిల్లు అడుగు ఊడిపోయింది. తుప్పు తినేసి జల్లెడలా చేసిన ఇనుపరేకు ఎర్రని బొగ్గుల బరువు ఇక మోయలేక ఒక పక్కకు ఒరిగి, కడుపులోని నిప్పంతా పెరటి గచ్చు మీద కక్కేసింది. అతిథులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఇంటి యజమాని చేతిలో పట్టకారుతో అలాగే నిలబడిపోయాడు. వంటింటి గుమ్మంలోంచి అతని అక్క వచ్చి, చిన్న పారతో బొగ్గులన్నీ మూలకు లాగి, వాటి మీద ఇసుక చల్లి, ఊచల మీద మిగిలిన మాంసం ముక్కలను పళ్ళెంలోకి తీసుకుని లోపలికి వెళ్ళింది. అదంతా చేస్తున్నంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంది. వంటింటి తలుపు మూసుకున్న తరువాత మాత్రం, సింకు అంచు పట్టుకుని వంగి, చాలాసేపు దగ్గింది. కొళాయి విప్పి ఉంచడం వల్ల ఆ చప్పుడు బయటికి వినబడలేదు.

సగం కాలిన ముక్కలను పెనం మీద పూర్తిచేసి పంపింది. కాసేపటికి పెరట్లోంచి తమ్ముడి మేనేజరు గొంతు వినిపించింది.

"నీ చేతిలో ఏదో ఉందయ్యా. గ్రిల్లు విరిగినా రుచి విరగలేదు."

తమ్ముడు నవ్వాడు. పెనం సంగతి చెప్పాలని అతనికి తోచలేదు. అతడు చెడ్డవాడు కాడు. ఆ సంగతి ఒకటి ఉన్నదని అతని బుర్రకు ఎన్నడూ తట్టలేదు, అంతే.

ఆ ఇంట్లో తమ్ముడు ఆమెను అక్కా అనీ, మరదలు వదినా అనీ పిలిచేవారు. మేనకోడలు మాత్రం మాటలు వచ్చిన కొత్తలోనే బొగ్గత్త అని పేరు పెట్టింది. పసిపిల్ల పెట్టిన పేరు గనుక ఎవరూ తప్పు పట్టలేదు. పోనుపోను వీధి వీధంతా అదే పేరు వాడింది. మరదలి పురిటికి సాయంగా వచ్చిన మనిషి, ఆ పురిట్లో పుట్టిన పిల్ల కాలేజీలో చేరిన తరువాత కూడా అక్కడే ఉంది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.

అటువంటి చోట ఉండే మనిషికి చేతులు ఊరికే ఉంటే భయం వేస్తుంది. బొగ్గత్త చేతులు ఎప్పుడూ ఊరికే ఉండేవి కావు. ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఆమె పెరట్లో కూర్చుని బొగ్గులు ఏరేది. చేత్తో తడిమితే చల్లగా తగిలేది చెమ్మ ఉన్న బొగ్గు. అది నిప్పు తగలగానే చిటపటలాడి మీద పడుతుంది, దాన్ని పక్కకు తీసేది. రెండు వైపులా మూతలు కోసేసిన పాత నూనెడబ్బాలో అడుగున మెలితిప్పిన కాగితాలు, పైన బొగ్గులు పేర్చి, కింది నుంచి అంటించేది. మొదట వచ్చేది తెల్లని దట్టమైన పొగ. ఆ పొగ పక్కనే కూర్చుని అట్టముక్కతో విసరాలి. లేచి వెళ్ళిపోతే మధ్యలో చచ్చిపోతుంది. పైవరస బొగ్గులకు బూడిదరంగు పట్టిన తరువాత డబ్బా ఎత్తి గ్రిల్లులో గుమ్మరించి, ఒక వైపు మందంగా, మరొక వైపు పలచగా సర్ది, అరచెయ్యి పైన పట్టి వేడి చూసి, ముక్కలు అంటుకోకుండా సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి ఊచలకు రుద్దేది. అప్పుడు తమ్ముడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చేవాడు. పట్టకారు అందుకునేవాడు. అతిథులొచ్చి గేటు చప్పుడయ్యేది.

సోమవారం ఉదయం కూరగాయలకని సంచీ పట్టుకుని బయలుదేరి, బొగ్గత్త ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరు చిన్నపిల్ల, తన మేనకోడలి కంటే ఏమంత పెద్దది కాదు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి గట్టిగా పీల్చమంది. మళ్ళీ పీల్చమంది. గొట్టంలోకి ఊదించింది. ఊదిన తరువాత యంత్రం వంక చూసి, కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"ఇంట్లో కట్టెలపొయ్యా అమ్మా?"

"లేదమ్మా, గ్యాసే."

"మరి ఇంత పొగ ఎక్కడిది?"

"ఆదివారాలు బొగ్గుల మీద కాలుస్తాం. చుట్టాలొచ్చినా, స్నేహితులొచ్చినా అంతే. మా తమ్ముడు బాగా వండుతాడు."

"ఆయన వండితే మీకెందుకు వచ్చిందమ్మా ఇది?"

బొగ్గత్త సంచీ పిడి సరిచేసుకుంది.

"పోయిన ఊపిరి ఇక తిరిగి రాదు," అంది డాక్టరు, గొంతు తగ్గించి. "మిగిలింది కాపాడుకోవాలి. పొగ దగ్గరికి వెళ్ళకండి."

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా. మీవాళ్ళతో నేను మాట్లాడనా?"

"అక్కర్లేదమ్మా. మావాళ్ళు మంచివాళ్ళు. నేనే చెప్తాను."

తిరిగి వచ్చేటప్పుడు కూరగాయలు కొనడం మరిచిపోయి, వీధి మలుపు నుంచి మళ్ళీ వెనక్కి నడిచింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కొత్త గ్రిల్లు ప్రస్తావన వచ్చింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదని బొగ్గత్త అనుకుంది. చారు గిన్నె చేతిలో పట్టుకుని, ఆ మాటను నోటిదాకా తెచ్చుకుంది కూడా.

"ఈసారి గ్యాసుది తీసుకుందామండీ," అంది మరదలు. "పెరటి గోడ ఎలా మసిబారిందో చూశారా? ఆరేసిన బట్టలు వేసుకుంటే నేనే కాలినట్టు వాసనేస్తున్నాను."

"గ్యాసు మీద కాల్చేదానికి బయటెందుకు? వంటింట్లోనే వండుకోవచ్చుగా," అన్నాడు తమ్ముడు. "పొగ తగలకపోతే రుచెక్కడుంది?"

"నాన్నా, పొగ నీకెక్కడ తగుల్తుంది? నువ్వొచ్చేసరికి పొగ వెళ్ళిపోతుంది," అంది మేనకోడలు, కంచం లోంచి తల ఎత్తకుండా.

"మీ అత్త ఉందిగా నాకు."

అందరూ నవ్వారు. బొగ్గత్త కూడా నవ్వింది. నవ్వుతో పాటు దగ్గు వస్తుందేమోనని మధ్యలోనే ఆపేసి, చారు వడ్డించింది.

రెండు రోజులు పోయాక అందరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. దుకాణం ముందు చప్టా మీద ఒక వైపు నల్లని మూతలున్న బొగ్గు గ్రిల్లులు, మరొక వైపు సిలిండరు తగిలించిన గ్యాసు గ్రిల్లులు వరుసగా పెట్టి ఉన్నాయి. దుకాణందారు నోటినిండా మాటలున్న మనిషి.

"బొగ్గు అలిగిన చుట్టం లాంటిదండీ. బతిమాలితే గానీ రాదు, వచ్చాక ఒక పట్టాన వెళ్ళదు."

"మరి గ్యాసు?" అంది మేనకోడలు.

"గ్యాసు అద్దెకున్నవాళ్ళ లాంటిదమ్మా. పిలిస్తే పలుకుతుంది, పొమ్మంటే పోతుంది." ఆ మాట అతడు రోజూ అనేదే అయి ఉంటుంది, తన మాటకు తాను నవ్వుకోలేదు. తమ్ముడి వైపు తిరిగి, "ఇంట్లో వండేదెవరు సార్?" అని అడిగాడు.

"నేనే."

మరదలు పక్కనున్న గరిటెల వంక చూస్తూ నిలబడింది.

"సార్ లాంటివాళ్ళకి బొగ్గే కరెక్టు. కాకపోతే వెలిగించడానికి ఓపిక కావాలి."

"దానికి మా అక్క ఉంది. ఆవిడకి బొగ్గులంటే సరదా."

అప్పటికి బొగ్గత్త గ్యాసు గ్రిల్లుల వైపు వెళ్ళి ఉంది. మీట ఎలా తిప్పాలో దుకాణందారు అక్కడి నుంచే చెప్పాడు. ఆమె తిప్పింది. టక్కుమని చిన్న చప్పుడయి, ఊచల కింద నీలంగా మంట బారుగా పరుచుకుంది. వేడి మొహానికి తగిలింది. అలవాటు చొప్పున ఆమె ఊపిరి బిగబట్టింది. కాసేపటికి, బిగబట్టవలసిన పని లేదని గుర్తు వచ్చి వదిలేసింది. ఇంకొంచెం వంగి, మంట మీది గాలిని నెమ్మదిగా పీల్చింది. ఏమీ కాలేదు. లోపలికి పోయిన గాలి ఎక్కడా తట్టుకోకుండా, పోయిన దారినే బయటికి వచ్చింది. ఇంత తేలికయిన పని తనకు ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదా అన్న ఆలోచనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, ఎవరూ చూడకుండా ముఖం అటు తిప్పుకుంది.

తమ్ముడు చూశాడు. ముఖం తిప్పుకోవడం మాత్రమే చూశాడు.

"ఆలోచించి చెప్తాం," అని దుకాణందారుతో అని, అందరినీ ఇంటిదారి పట్టించాడు.

మరునాడు సాయంత్రం బొగ్గత్త వెనక వరండాలో తీగ మీది బట్టలు తీస్తూ ఉంటే, వంటింట్లోంచి మొగుడూ పెళ్ళాల మాటలు వినిపించాయి. వినాలని వినలేదు. చేతిలో దుప్పటి ఉంది. మడత మధ్యలో ఉన్న దుప్పటిని ఎక్కడ వదిలిపెట్టి పోగలదు?

"పాప హాల్లో టీవీ ముందు కూర్చుని చదువుతోంది. దానికో గది కావాలా వద్దా?" అంటోంది మరదలు. "గ్యాసొస్తే వదినకి ఆదివారం పనుండదు. మిగతా వంట నేను చూసుకోలేనా? మీ చిన్న తమ్ముడి దగ్గర కొన్నాళ్ళు ఉంటే ఆవిడకీ మార్పుగా ఉంటుంది."

"గ్రిల్లు గురించి మాట్లాడుతుంటే గది గురించెందుకు?"

"రెండూ ఒకటే గనక."

కాసేపు గిన్నెల చప్పుడు.

"అక్క మొహం చూశావా దుకాణంలో?" అన్నాడు తమ్ముడు. "ఆ గ్యాసు మంట చూడగానే తిప్పేసుకుంది. కూర్చోబెట్టి తిండి పెడితే తినే మనిషి కాదు మా అక్క. ఆ బొగ్గులు కూడా తీసేస్తే ఏమైపోతుంది?"

దుప్పటి రెండు కొసలూ కలిశాయి. బొగ్గత్త దాన్ని ఇంకొక మడత పెట్టింది, అవసరం లేకపోయినా మరొక మడత పెట్టింది. గ్యాసు వస్తే ఊపిరి ఉంటుంది, గది ఉండదు. బొగ్గులు వస్తే గది ఉంటుంది. అంతవరకు ఆమెకు స్పష్టంగా అర్థమయింది. ఈ రెండింటిలో నీకేది కావాలని ఎవరో ఒకరు వచ్చి అడుగుతారేమో అన్నట్టు, మడత పెట్టిన బట్టలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కొంతసేపు కూర్చుంది. వంటింట్లో మాటలు ఆగిపోయాయి. తమ్ముడు ఆమె పక్క నుంచే పెరట్లోకి వెళ్ళి, గ్రిల్లు పెట్టే చోటును అడుగులతో కొలుచుకుని, మళ్ళీ ఆమె పక్క నుంచే లోపలికి వెళ్ళాడు.

శుక్రవారం మేడ మీదికి తడిబట్టల బకెట్టు తీసుకువెళుతూ మెట్ల మధ్యలో ఆగిపోయింది. బకెట్టు కింద పెట్టి, అదే మెట్టు మీద కూర్చుంది. పైనుంచి దిగివస్తున్న మేనకోడలు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసింది.

"ఏంటి బొగ్గత్తా, బండాగిపోయింది?"

"సిగ్నలు పడలేదే."

"నీ గుండెల్లో ఎవరో ఈల వేస్తున్నారు."

"పాత ఇంజను. వెయ్యదూ మరి?"

పిల్ల నవ్వి, బకెట్టు పైకి చేర్చి, అత్త భుజం తట్టి దిగిపోయింది. మంచిపిల్ల. బొగ్గత్త ఆ మెట్టు మీదనే కూర్చుని తమ్ముడితో అనవలసిన మాటలు కూర్చుకుంది. గ్యాసే తీసుకో తమ్ముడూ, నాకు పొగ పడదు, డాక్టరు చెప్పింది. ఇంతవరకు తేలికే. దాని తరువాతి మాట ఉంది: అయినా నన్ను ఉండనివ్వు. ఆ మాట ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అడుక్కోవడంలాగానే వినిపించింది. చివరకు అలా వినిపించినా సరేననుకుంది.

శనివారం తమ్ముడికి సెలవు. అతడు బయటి నుంచి రాగానే అందిద్దామని టీ కాచి, గ్లాసు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గేటు ముందు చిన్న వ్యాను ఆగి ఉంది. ఇద్దరు మనుషులు అట్టపెట్టె దింపుతున్నారు. తమ్ముడు వాళ్ళకు అడ్డుపడుతూ, హెచ్చరిస్తూ, చిన్నప్పుడు గాలిపటం తెచ్చుకున్ననాటి ముఖంతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎటూ వెళ్ళకక్కా. ఇది నీకే."

అట్టలు చింపాడు. నల్లగా మెరిసే బొగ్గు గ్రిల్లు. పాతదానికి రెట్టింపు ఉంది. గుండ్రని మూత, కింద బూడిద పడే అర, పక్కన చక్రాలు.

"నీ మరదలు గ్యాసు గ్యాసు అని ఎంత పోరిందో. నేను వినలేదు. నువ్వు ఉన్నంతకాలం ఈ ఇంట్లో బొగ్గే అని చెప్పేశాను." అతని గొంతులో నిజమైన ప్రేమ ఉంది. "బాగుందా?"

బొగ్గత్త ఖాళీగా ఉన్న చేతిని మూత మీద పెట్టింది. చల్లగా ఉంది.

"బాగుంది," అంది. "టీ తాగు, చల్లారిపోతుంది."

ఆదివారం మేనేజరును, ఆఫీసులోని మరో రెండు కుటుంబాలను పిలిచారు. మధ్యాహ్నం నుంచే మాంసం, చేపలు, వంకాయలు, మొక్కజొన్న పొత్తులు పళ్ళాల్లో సిద్ధం చేసి బొగ్గత్త వాటి మీద తడిగుడ్డలు కప్పింది. కొత్త బొగ్గుల బస్తా విప్పింది. నూనెడబ్బాలో కాగితాలు మెలితిప్పి పెట్టింది, బొగ్గులు పేర్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తమ్ముడు అప్పుడే స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె అగ్గిపుల్ల గీసింది. డబ్బా దగ్గరికి వంగి, కాగితానికి అంటించకుండా ఆగింది. పుల్ల వేళ్ళదాకా కాలింది. పారేసి, గచ్చు మీద అరచెయ్యి ఆనించి లేచి నిలబడింది.

"తమ్ముడూ, నేను వెలిగించలేను."

"ఏం, అగ్గిపుల్లలు మెత్తబడ్డాయా?"

"నేను వెలిగించలేను. నా ఊపిరితిత్తులు పాడైపోయాయి. పొగ దగ్గరికి అసలు వెళ్ళొద్దంది డాక్టరు."

అతడు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు, డబ్బా వంక చూశాడు, గేటు వంక చూశాడు.

"మరి ఎవరు వెలిగిస్తారు?"

ఆలోచించి అన్న మాట కాదది. ఆలోచించకుండా వచ్చింది గనుకనే, అతని లోపల ఎప్పటి నుంచో ఎక్కడ ఉందో అక్కడి నుంచి నేరుగా వచ్చింది. అన్న తరువాత అతనికి కూడా వినిపించి ఉండాలి, తడబడ్డాడు.

"అంటే... అది కాదక్కా, వాళ్ళు బయల్దేరిపోయారు. ఫోన్ కూడా చేశారు." గొంతు బాగా తగ్గించాడు. "ఈ ఒక్కసారికి... ముక్కుకి గుడ్డ కట్టుకుని... రేపు మంచి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

చిన్నప్పుడు బడికి పోనని మొండికేసిన నాడు ఈ అక్కే అతణ్ణి ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అని బతిమాలి పంపేది. ఆ గొంతు, ఆ తల వంచడం అచ్చంగా ఆమె దగ్గర నేర్చుకున్నవే. బొగ్గత్త చెయ్యి అగ్గిపెట్టె మీద బిగుసుకుంది. తరువాత వదులయింది. అగ్గిపెట్టెను అతని చేతిలో పెట్టింది.

"లేదు నాన్నా," అంది. వెనక్కి తిరిగి, తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

పెరట్లో జరిగినదంతా ఆమె కిటికీ అద్దంలోంచి చూసింది. తమ్ముడు డబ్బా వదిలేసి, బస్తా ఎత్తి గ్రిల్లులో సగం దాకా కుమ్మరించాడు. కిరోసిను పోశాడు. భగ్గుమంది; అతడు వెనక్కి గెంతాడు; మంట తగ్గి నల్లని పొగ లేచింది. విసరకుండా ఊదాడు. కళ్ళు తుడుచుకున్నాడు. దగ్గాడు. అతిథులు వచ్చారు, కుర్చీలు వాకిట్లోకి మార్చుకున్నారు. బొగ్గులు నల్లగా ఉండగానే మాంసం వేశాడు. ఆమె వేళ్ళు ఒళ్ళో కదిలాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుంది.

తలుపు తోసుకుని మేనకోడలు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బొగ్గత్తా, నాన్న అడుగుతున్నారు. బొగ్గులు తెల్లబడడానికి ఎంతసేపు పడుతుందట?"

"ఇక తెల్లబడవు. అడుగున గాలి లేదు."

"మరేం చెయ్యమంటావ్?"

"తలుపు వేసుకుని వెళ్ళమ్మా. పొగ వస్తోంది."

పిల్ల ఏదో అడగబోయింది. పెరట్లోంచి తండ్రి పిలిచాడు. తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

మేనేజరు గొంతు ఎప్పుడూ పెద్దదే. కిటికీ మూసి ఉన్నా వినిపించింది.

"ఏమయ్యా, పైన బొగ్గు, లోపల పచ్చి. ఇవాళ నీ చెయ్యి ఇంట్లో మరిచిపోయి పెరట్లోకొచ్చావా?"

చాలామంది నవ్వారు. ఆ నవ్వు తగ్గేదాకా బొగ్గత్త ఊపిరి బిగబట్టింది. ఈసారి పొగ కోసం కాదు. తమ్ముడు ఏమంటాడోనని.

"కొత్త గ్రిల్లు కదా సార్," అన్నాడు తమ్ముడు. "ఇంకా అలవాటు పడలేదు."

ఆమె ఊపిరి వదిలింది. అది గుండెల్లో ఈలలు వేసుకుంటూ, చాలాసేపు తీసుకుని బయటికి వచ్చింది.

అందరూ వెళ్ళిన తరువాత మరదలు పళ్ళెంలో అన్నం, దాని పక్కన మాడిన ముక్కలు పెట్టుకుని వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. జుట్టు నిండా పొగ వాసన.

"నాతోనైనా చెప్పాల్సింది వదినా. గ్యాసే తెచ్చేవాళ్ళంగా."

"గ్యాసు తెస్తే ఈ గది పాపకి కదా."

మరదలి ముఖం మారింది. "విన్నారా?"

"బట్టలు తీస్తున్నాను."

మరదలు పళ్ళెం అంచును ఒక వేలితో సరిచేసింది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేసింది.

"గది పాపకే ఇవ్వు," అంది బొగ్గత్త. "దానికి చదువుకునే చోటు కావాలి, అది న్యాయమే. ఈ మంచం గోడకి జరిపితే అటు చదువుబల్ల పడుతుంది. నేనూ ఇందులోనే ఉంటాను. ఇక వెలిగించను. ఉంటాను."

అడుక్కుంటున్నట్టు వినిపిస్తుందనుకున్న మాట అలా వినిపించలేదు. ఆమెకే ఆశ్చర్యం వేసింది. మరదలు మంచం వంక చూసింది, గోడ వంక చూసింది, కిటికీ వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. కొంత జాలి ఉంది.

"ఆయన్నడిగి చెప్తాను వదినా," అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

పెరట్లో తమ్ముడు ఆరని బొగ్గుల మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. బొగ్గత్త పళ్ళెం దగ్గరికి లాక్కుని, మాడిన ముక్కలు ఒక పక్కకు తీసి పెట్టి, అన్నం కలుపుకుంది.